హాల్ టికెట్ నంబరు తాళంచెవి కాదు

తెలంగాణలో స్టేట్ సిలబస్ చదివినవాళ్ళ జాతకాలు ఎక్కడ భద్రంగా ఉంటాయో తెలుసా? జ్యోతిష్కుల దగ్గర కాదండీ, నాంపల్లిలో. చాపెల్ రోడ్డులో ప్రభుత్వ పరీక్షల విభాగం, అంటే మన పదో తరగతి. విద్యాభవన్‌లో ఇంటర్ బోర్డు. ఎంజే రోడ్డులో ప్రతిభా భవన్, అంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్. ఓపికుంటే మూడూ నడిచి తిరిగేయొచ్చు. ఆ పక్కనే ఆబిడ్స్. జీపీవో, జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు. ఆఫీసుల్లో ఏ కాగితం కావాలన్నా దాని నకలు తీసేది ఈ షాపుల్లోనే.

ఒకప్పుడు మెమోలో పేరు తప్పు పడితే ఆదిలాబాద్ నుంచి బస్సెక్కి ఇక్కడికి రావాల్సి వచ్చేది. చలానా కట్టి, కిటికీ ముందు నిలబడి, "రేపు రండి" అనిపించుకుని వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు దరఖాస్తులు, ఫీజులు, హాల్ టికెట్లు, ఫలితాలు అన్నీ ఆన్‌లైన్లోకి వచ్చాయి. మంచిదే. సాఫ్ట్‌వేర్ మీదే బతికేవాణ్ణి, ఆన్‌లైన్ వద్దని ఎందుకంటాను? కాకపోతే క్యూ పోయిందన్న సంతోషంలో ఒక చిన్న విషయం మనం ఎవరమూ పట్టించుకోలేదు. కిటికీ దగ్గర గుమస్తా "నువ్వెవరు? ఎవరి మెమో ఇది?" అని అడిగేవాడు. వెబ్‌సైటు అడగడం లేదు.

ఫలితాల రోజు ఏం జరుగుతుందో చూడండి. హాల్ టికెట్ నంబరు కొడతాం. పేరు, సబ్జెక్టులవారీగా మార్కులు, పాసో ఫెయిలో, అన్నీ తెర మీదికొస్తాయి. కొట్టింది ఆ విద్యార్థేనా, వాళ్ళ పక్కింటాయనా, ముక్కూమొహం తెలియని వాడెవడైనానా అన్నది సైటుకి అనవసరం.

మా వృత్తిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి కూడా చెప్పే మొదటి పాఠం ఒకటుంది. ఎవరో చెప్పేది వేరు, వాళ్ళే అని రుజువు చేసేది వేరు. బ్యాంకు ఖాతా నంబరు మొదటి రకం. చెక్కు మీద అచ్చై ఉంటుంది, నలుగురికీ ఇస్తాం. ఏటీఎం పిన్ను రెండో రకం. ఎవరికీ చెప్పం. ఖాతా నంబరు తెలిసిన ప్రతివాడికీ బ్యాంకు మన నిల్వ చూపిస్తే ఊరుకుంటామా? హాల్ టికెట్ నంబరు కూడా సరిగ్గా ఖాతా నంబరు లాంటిదే. బెంచీ మీద రాసి ఉంటుంది, హాలు బయట నోటీసు బోర్డు మీద అంటించి ఉంటుంది, ఇన్విజిలేటరు చేతిలో కాగితం మీద ఉంటుంది. మనవాళ్ళు మాత్రం దాన్నే తాళంచెవిగా వాడుతున్నారు.

పోనీ ఊహించడానికి కష్టమైన నంబరా అంటే అదీ కాదు. వరస నంబర్లు. నా నంబరుకి ఒకటి కలిపితే నా వెనక కూర్చున్నవాడు, ఒకటి తీసేస్తే నా ముందు కూర్చున్నవాడు. యూనివర్సిటీల్లో అయితే ఇంకా సులువు. ఉస్మానియా హాల్ టికెట్ నంబరులో కాలేజీ కోడు, చేరిన సంవత్సరం, కోర్సు కోడు, చివర్న రోల్ నంబరు, అన్నీ వరసగా ఉంటాయి. జేఎన్టీయూ వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. 05 అంటే సీఎస్‌ఈ, 04 అంటే ఈసీఈ అని ఇంజినీరింగ్ చదివిన ప్రతి తెలుగువాడికీ కంఠతా వచ్చు. ఒక్కడి నంబరు తెలిస్తే క్లాసు మొత్తం తెలిసినట్టే. పది లైన్ల ప్రోగ్రాము రాసి రాత్రి పడుకుంటే తెల్లారేసరికి కాలేజీ మొత్తం మార్కులు ఒక ఎక్సెల్ షీటులో ఉంటాయి.

ఇది ఊహాగానం కాదు. ఏ రోల్ నంబరు కొట్టినా మొదటి సెమిస్టరు నుంచి చివరిదాకా మార్కులు, బ్యాక్‌లాగులతో సహా ఒకే చోట చూపించే సైట్లు విద్యార్థులే సరదాగా తయారుచేసి పెట్టారు. వాళ్ళని తిట్టడానికి లేదు. యూనివర్సిటీ చేయాల్సిన సదుపాయం వాళ్ళు చేశారు, తలుపు తీసి ఉంది కాబట్టి లోపలికెళ్ళారు. ఇంతకీ పర్యవసానం ఏమిటంటే, ఇంటర్వ్యూ చేసే హెచ్ఆరుకీ, పెళ్ళిచూపులకి రాబోయే మేనమామకీ కూడా మన మూడో సెమిస్టరు గణితం ఎన్నిసార్లు రాశామో ముందే తెలిసిపోవచ్చు. :) నవ్వులాటకి అన్నాను గానీ, ఇందులో నవ్వురాని సంగతులు కూడా ఉన్నాయి.

"ఫలితాలు ఎప్పుడూ బహిరంగమే కదా, పేపర్లో వేసేవారు కదా" అని అడగొచ్చు. వేసేవారు. ఏం వేసేవారో గుర్తు తెచ్చుకోండి. చీమల బారులాగా నంబర్లు, అంతే. పేరు లేదు, మార్కులు లేవు. పైగా పాసైన నంబర్లే వేసేవారు. ఫెయిలవడం అంటే పేపర్లో నంబరు లేకపోవడం. అది ఒక ఖాళీ జాగా. నంబరు తెలిసిన ఇంట్లోవాళ్ళకి తప్ప ఊరికి తెలియదు. ఇప్పుడు ఫెయిలుకి పేరుంది, మార్కులున్నాయి, స్క్రీన్‌షాటుంది, అది తిరగడానికి కుటుంబం వాట్సాప్ గ్రూపుంది. పాత పద్ధతిలో ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించకుండానే దక్కిన మర్యాద, కొత్త పద్ధతిలో ఎవరూ ఆలోచించకపోవడం వల్లే పోయింది.

ఇది ఎంత దూరం పోతుందో 2019లో చూశాం. ఆ ఏడాది ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలొచ్చాయి. తొమ్మిది లక్షల పైచిలుకు పిల్లలు రాస్తే మూడు లక్షల మందికి పైగా తప్పారు. ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. పరీక్ష రాసినవాళ్ళకి గైర్హాజరు, బాగా రాసినవాళ్ళకి సింగిల్ డిజిట్. తెలుగులో సున్నా వచ్చిన ఒకమ్మాయికి మళ్ళీ చూస్తే 99 వచ్చాయి. నాంపల్లిలో బోర్డు ముందు తల్లిదండ్రులు బైఠాయించారు. ఆ వారాల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. సాంకేతిక పని చేసిన గ్లోబరీనా టెక్నాలజీస్ మీద, బోర్డు మీద ఆరోపణలొస్తే ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. తప్పినవాళ్ళందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్ళీ చూడమంది. చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

దీని మీద అప్పట్లో చాలా చర్చ జరిగింది. టెండరు ఎవరికిచ్చారు, ఓఎంఆర్ బబుల్ ఎవరు తప్పు నింపారు, ఎవరు రాజీనామా చేయాలి... అన్నీ అడగాల్సినవే. నాకు తట్టిన ప్రశ్న మాత్రం ఇంకోటి. ఆ సున్నా ముందుగా ఎవరు చూశారు? విద్యార్థికీ, లోకానికీ ఒకే నిమిషంలో చూపించారు. తప్పో ఒప్పో తేల్చుకునే వ్యవధి లేకుండానే. సాఫ్ట్‌వేరులో తప్పులు దొర్లుతాయి. లక్షల కాగితాలు దిద్దే మనుషులూ తప్పులు చేస్తారు. కానీ ఆ తప్పు పదిహేడేళ్ళ పిల్ల చేతికి ఒంటరిగా అందడానికీ, ఊరంతటి ముందూ నెత్తిన పడడానికీ చాలా తేడా ఉంది. గోప్యత ఉంటే ఆ ప్రాణాలన్నీ నిలిచేవని నేననను. అలాంటి మరణానికి ఒక్క కారణం ఉండదు. కానీ పరువు అనే బరువు ఆ పిల్లల మీద ఉంది కదా, అందులో కొంత బరువు మన వెబ్‌సైట్లే మోపుతున్నాయి.

ఇక రెండో సంగతి. ఈ వివరాలు ఎక్కడికి పోతున్నాయి?

ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే మీకే తెలుసు. ఫలితాలు రాకముందే ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మీ బాబుకి మేనేజ్‌మెంట్ కోటాలో..." అంటూ. పేరు తెలుసు, గ్రూపు తెలుసు, మార్కులు కూడా తెలుసు. నంబరు ఎక్కడిదండీ అంటే ఫోను పెట్టేస్తారు. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. వాళ్ళ దగ్గర 16.8 కోట్ల మంది వివరాలున్నాయన్నారు. అందులో నీట్ రాసే పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. కొద్ది రోజులకే ఇంకో కేసులో 66.9 కోట్ల మంది వివరాలు అన్నారు. ఆ అంకెలు చూస్తే బుర్ర తిరుగుతుంది. చింతపండు, మిరపకాయల్లాగా మన పిల్లల వివరాలకి కూడా ఒక హోల్‌సేల్ బజారుంది.

ఆ బజారుకి సరుకు ఒకే దారిన రాదు. ఫలితాల సైటు ఒక దారి. ఫలితాలు బోర్డు సైటులోనే కాదు, పత్రికల సైట్లలో, ప్రైవేటు విద్యా సైట్లలో కూడా వస్తాయి. అంటే మొత్తం ఫలితాల పట్టిక బోర్డు దాటి బయటికి వెళ్ళినట్టే. ఆ పట్టికని వాళ్ళు ఎన్నాళ్ళు ఉంచుకుంటారు, ఇంకేం చేస్తారు అని అడిగే నాథుడు లేడు. నెట్ సెంటరు ఇంకో దారి. డిగ్రీ ప్రవేశాలకి 2016 నుంచి దోస్త్ ఉంది. దానివల్ల కాలేజీ కాలేజీకీ తిరిగి ఫారాలు కొనే బాధ తప్పింది, ఒప్పుకోవాలి. కానీ ఆధారు, కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు అన్నీ కావాలి. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు ఆబిడ్స్ సందులోని షాపుకే వెళతారు. "తమ్మీ, ఈ నంబరుకి వాట్సాప్ కొట్టు" అంటాడు షాపాయన. స్కాన్లన్నీ ఆ ఫోన్లో, ఆ కంప్యూటరు డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉండిపోతాయి. షాపాయన దొంగ అని నా ఉద్దేశం కాదు. ముప్ఫై రూపాయలకి ప్రభుత్వం చేయాల్సిన సాయం ఆయన చేస్తున్నాడు. చెరిపెయ్యమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

దోస్త్ విషయంలోనే ఇంకో పాఠం ఉంది. మొదటి రోజుల్లో కొన్ని ప్రైవేటు కాలేజీలు పిల్లలకి తెలియకుండానే వాళ్ళ పేరుతో రిజిస్ట్రేషను చేసి, తమ కాలేజీనే ఆప్షనుగా పెట్టేశాయన్న ఫిర్యాదులొచ్చాయి. హాల్ టికెట్ నంబరు, ఆధారు నంబరు చేతిలో ఉంటే ఇంకొకడి భవిష్యత్తు మీద క్లిక్కు కొట్టొచ్చన్నమాట. ఆ తర్వాత ఆధారుకి కలిపిన మొబైలుకి ఓటీపీ వచ్చేలా చేశారు. అంటే నంబరు తాళంచెవి కాదని సర్కారుకి తెలియని సంగతేం కాదు. సీటు విషయంలో తెలుసుకున్నారు, మార్కుల విషయంలో ఇంకా తెలుసుకోలేదు.

మూడో దారి లోపలి మనుషులు. 2023లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ గుర్తుందిగా. పోలీసులు చెప్పినదాని ప్రకారం అది బయటినుంచి జరిగిన హ్యాకింగ్ కాదు. ఆఫీసులోనే పనిచేసేవాళ్ళు కాన్ఫిడెన్షియల్ సెక్షను కంప్యూటర్లోకి వెళ్ళి తీసుకున్నారు. 2022 అక్టోబరులో లక్షల మంది రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. ప్రశ్నపత్రాలకే ఆ గతి పడితే, అదే సర్వర్లలో ఉన్న అభ్యర్థుల ఫోన్ నంబర్లకి ఎంత కాపలా ఉందనుకోవాలి? 2024లో పోలీసుల హాక్ ఐ యాప్ వివరాలే బయటికి పోయాయి. ఇంట్లో దొంగకీ బయటి దొంగకీ వేరువేరు తాళాలు కావాలి. మన దగ్గర ఇంకా గొళ్ళెం దగ్గరే ఉన్నాం.

"చట్టం లేదా?" అంటారా. వచ్చింది, నెమ్మదిగా. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీం కోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి 2017 ఆగస్టు 24న తేల్చింది. డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అందులోని అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకో పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. అంతకు ముందున్న ఐటీ చట్టంలోని 43ఏ సెక్షను కంపెనీల గురించి మాట్లాడింది గానీ ప్రభుత్వ బోర్డుల గురించి కాదు. కొత్త చట్టంలో కూడా ప్రభుత్వానికి కొన్ని వెసులుబాట్లున్నాయి. సర్టిఫికెట్లు, రాయితీల లాంటివి ఇవ్వడానికి కొన్ని షరతులతో మన సమ్మతి అడక్కుండానే డేటా వాడుకోవచ్చు. కానీ వాడుకోవచ్చు అంటే వీధిలో పెట్టొచ్చు అని కాదు. భద్రంగా ఉంచాల్సిన బాధ్యత ఉంది, తప్పితే 250 కోట్ల వరకూ జరిమానా ఉంది. ఇంకోటి, ఈ చట్టం లెక్కలో పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే. ఇంటర్ చదివేవాళ్ళలో ఎక్కువమంది ఆ లెక్కలోకే వస్తారు.

అమెరికా వెళ్ళిన మన పిల్లలకి ఫెర్పా అనే మాట బాగా తెలుసు. 1974 నాటి చట్టం. ప్రొఫెసరు తన గది తలుపు మీద పేరుతో గానీ, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి అంకెలతో గానీ విద్యార్థి అనుమతి లేకుండా మార్కులు అంటించడానికి వీల్లేదు. ఫీజు కట్టే తండ్రి ఫోను చేసి అడిగినా, పిల్లాడు ఒప్పుకోకపోతే యూనివర్సిటీ సాధారణంగా మార్కులు చెప్పదు. ఇక్కడినుంచి ఫోను చేసిన తల్లిదండ్రులు "ఇదేం చోద్యం" అనుకుంటారు. అంతదూరం మనం వెళ్ళాలా అన్నది వేరే చర్చ. కన్నతండ్రికే చెప్పని దేశం ఒకటి, కనబడ్డ ప్రతివాడికీ చూపించే దేశం ఒకటి. మధ్యలో ఎక్కడో ఒక చోట ఆగొచ్చు కదా.

పారదర్శకత సంగతేమిటని గట్టిగా అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. సీట్లలో, ఉద్యోగాల్లో అక్రమాలు పట్టుకోవాలంటే జాబితాలు బయట ఉండాలి. ఒప్పుకుంటాను. కానీ పారదర్శకత వ్యవస్థకి ఉండాలి, వ్యక్తికి కాదు. ఎన్ని మార్కుల దగ్గర కటాఫ్ ఆగింది, ఏ కేటగిరీలో ఎన్ని సీట్లు, మూల్యాంకనం ఎలా చేశారు, ఇవన్నీ నంబర్లతో బయట పెట్టండి. తన జవాబు పత్రం తను చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీం కోర్టు 2011లోనే చెప్పింది. మనవాళ్ళు దీన్ని తలకిందులు చేశారు. ఎవరి మార్కులైనా ఎవరైనా చూడొచ్చు, తన పేపరు తను చూసుకోవాలంటే మాత్రం ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి!

"లాగిన్లు పెడితే ఫలితాల రోజు సర్వరు కూలిపోతుంది" అన్నది ఇంకో వాదన. ఇది మాత్రం నేను ఒప్పుకోను. సీబీఎస్ఈ వాళ్ళు దేశం మొత్తానికి ఫలితాలిస్తూ రోల్ నంబరుతో పాటు స్కూలు నంబరు, అడ్మిట్ కార్డు ఐడీ, పుట్టిన తేదీ అడుగుతున్నారు. డిజిలాకర్ ఖాతాకి ఆరంకెల పిన్ను స్కూళ్ళ ద్వారా ఇస్తున్నారు. అసలు ఫలితం అనేది ఒకసారి తయారైతే మారని కాగితం. ఒక్కో విద్యార్థికి ఒక్కో పేజీ ముందే చేసి పెట్టి, నంబరూ రహస్య కోడూ కలిపి తయారైన పేరుతో దాచిపెడితే చాలు. డేటాబేసు జోలికే వెళ్ళక్కర్లేదు. పైగా ఇప్పటికంటే తేలిక.

కాబట్టి నాంపల్లి ఆఫీసుల్నీ, యూనివర్సిటీల్నీ అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు:

1. హాల్ టికెట్ మీద ఎనిమిది అక్షరాల రహస్య కోడు ఒకటి అచ్చు వేయండి. నోటీసు బోర్డు మీదా, బెంచీ మీదా వేయకండి. ఫలితానికి నంబరూ కోడూ రెండూ కావాలి. ఓటీపీ వద్దు. ఫోను లేని పిల్లలూ ఉన్నారు, కాగితం అందరికీ ఉంటుంది.

2. ఒకే చోటినుంచి వందల నంబర్లు అడిగితే ఆపండి. ఇది కొత్త విద్యేమీ కాదు.

3. ఫలితం ముందు విద్యార్థికి ఇవ్వండి. సున్నాలు, గైర్హాజర్లు, పాత మార్కులతో పొంతన లేనివి మనిషి చేత మరోసారి చూపించాకే బయటికి వదలండి.

4. ప్రైవేటు సైట్లకి మొత్తం పట్టిక ఇవ్వకండి. ఇవ్వాల్సి వస్తే ఎన్నాళ్ళు ఉంచుకోవాలో రాయించుకోండి.

5. ఎవరి రికార్డు ఎవరు తెరిచారో లాగు ఉంచండి. లోపలి మనుషులకి కూడా.

6. నెట్ సెంటర్లకి తెలుగులో, ఉర్దూలో ఒక్క పేజీ సూచనలివ్వండి. పని అయ్యాక ఫైళ్ళు చెరిపెయ్యమని.

ఒక్క మాట కాలేజీల గురించి కూడా. ఫలితాల మర్నాడు పేపర్లో మొదటి పేజీ నిండా పిల్లల ఫొటోలు, ఒకటి, ఒకటి, ఒకటి అంటూ టీవీలో మోతలు. ర్యాంకొచ్చిన పిల్లలు సంతోషంగానే ఉంటారు, కాదనను. కానీ ఆ ఫొటో వేస్తామని ఎవర్నడిగారు? అడిగితే వద్దనే ధైర్యం ఉన్న తండ్రి ఎవరు? మార్కు అన్నది కాలేజీ సొత్తు, బంధువుల సొత్తు, ఊరి సొత్తు అన్నట్టు తయారైంది. అది రాసిన పిల్ల సొత్తు మాత్రం కాకుండా పోయింది. వెబ్‌సైటు అక్కడి నుంచే నేర్చుకుంది.

ఈ సైట్లు రాసేది ఎవరో పరాయివాళ్ళు కాదు. ఇదే హైదరాబాదులో కూర్చుని ప్రపంచంలో సగం బ్యాంకులకీ, ఆస్పత్రులకీ కోడు రాస్తున్న మనలాంటి వాళ్ళే. అక్కడి రోగి పేరు తెర మీద కనబడితే ఉద్యోగం ఊడుతుందని మనకి తెలుసు. ఆ భయంలో సగం మన పిల్లల మార్కుల మీద పెట్టినా చాలు. ఈసారి బోర్డు టెండరో, యూనివర్సిటీ ప్రాజెక్టో మీ టీముకి వస్తే, అవతలివాళ్ళు అడక్కపోయినా ఆ రెండో డబ్బా, అదే ఆ రహస్య కోడు డబ్బా, ఫారంలో మీరే పెట్టండి. ఒక్క రోజు పని. ఏమంటారు?